ఇసుక బస్తాలు

మా ఆఫీసు చిన్న బస్సులో వెనక సీట్ల కింద నాలుగు ఇసుక బస్తాలుండేవి. చీర అంచుకు మట్టి అంటుతోందని పోయిన నెల నేనే మెయిల్ పెట్టి తీయించాను. అప్పటి నుంచి షేక్‌పేట దాటేలోపు నడుం విరిగేలా కుదుపులు. డ్రైవర్ అడ్డదిడ్డంగా నడుపుతున్నాడని మొన్న ఇంకో మెయిల్ పెట్టాను.

ఈ రోజు ఫిల్మ్ నగర్‌లో ఎక్కేసరికి బస్సులో ఇంకెవరూ లేరు. ఒక గుంతకు నేను సీట్లోంచి ఎగిరిపడితే డ్రైవర్ యాదగిరి అద్దంలో చూశాడు.

"ముందుకొచ్చి కూసోండ్రి మేడం. ఇది లారీ ఛాసీ మీద కట్టిన బస్సు. కింద కమాన్‌కట్టలు, గదే స్ప్రింగు పట్టీలు, టన్నులు మోసేటందుకు చేసినయ్, బరువు లేకుంటే గిట్లనే ఎగురుతది. గందుకే బస్తాలు ఏసుకున్న. ఎవరో తీయించిండ్రు. ఇప్పుడు రఫ్‌గ నడుపుతున్ననని సోమవారం నుంచి నన్నే తీసేస్తరంట. మీరు రోజూ వస్తరు గద, జర ఆఫీసుల ఒక మాట చెప్పుండ్రి."

చెప్తానన్నాను. ఆ రెండు మెయిళ్లూ నావేనని మాత్రం చెప్పలేదు.

ఇంటికొచ్చి మూడో మెయిల్ రాశాను. అందులో "ఎవరో తెలియక ఫిర్యాదు చేశారు" అని ఉంది. ఆ "ఎవరో" కొట్టేసి "నేను" అని పెట్టడానికి గంట నుంచీ చూస్తున్నాను. మీరైతే పెట్టేవారా?