పైపాలెం గెలిచింది, దిగువపాలెమూ గెలిచింది

తెనాలిలో చేపలన్నీ అమ్మేసి, ఖాళీ గంప పక్కన పెట్టుకుని టీ తాగుతుంటే, టీకొట్టు టీవీలో పున్నమ్మకు ఓ వింత కనపడింది. ఎక్కడో రెండు దేశాల యుద్ధం ఆగిపోయిందట. ఇటువాళ్ళు మిఠాయిలు పంచుకుంటున్నారు, అటువాళ్ళు టపాసులు కాలుస్తున్నారు.

"ఇంతకీ ఓడిందెవరు బాబూ?"

"ఎవరూ ఓడలేదంట పిన్నీ" అన్నాడు టీకొట్టు అతను.

"అచ్చం మా పాలేల్లాగే!" అని పకపకా నవ్వింది. నవ్విందేగానీ, రేపల్లె బండి ఎక్కాక గుండెల్లో రాయి పడింది. తెల్లారితే ఇంటికి పైపాలెం వాళ్ళొస్తున్నారు.

పున్నమ్మ పుట్టినిల్లు పైపాలెం, మెట్టినిల్లు దిగువపాలెం. రెండూ రేపల్లె అవతల సముద్రం ఒడ్డునే. వల ఎవరెక్కడ వెయ్యాలన్న తగువు ముదిరి, ఒకళ్ళ పడవలు ఒకళ్ళు పట్టుకుపోయేదాకా వెళ్ళింది. ఏళ్ళే నడిచింది. ఓ తుఫానునాడు పైపాలెం పడవ ఒకటి దిగువపాలెం ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులో పున్నమ్మ అన్న సింగరయ్య ఉన్నాడు. వణుకుతున్నవాళ్ళను దిగువపాలెం వాళ్ళు కూర్చోబెట్టి అన్నం పెట్టారు. గొడవ అక్కడితో చల్లారింది. ఇంతవరకూ రెండు పాలేలదీ ఒకటే మాట. గెలిచిందెవరన్న దగ్గరే పేచీ.

ఇప్పుడు పున్నమ్మ మనవడు ప్రేమ్‌కుమార్‌కి సింగరయ్య మనవరాలు ఇందును అనుకున్నారు. పిల్లలిద్దరికీ ఇష్టమే. అనుకున్నట్టే తెల్లారి ఇల్లు చూసుకోవడానికి ఇందును వెంటబెట్టుకుని పైపాలెం వాళ్ళొచ్చారు. వాళ్ళలో ఓ పద్ధతుంది. సంబంధం ఖాయమైతేనే పిల్లాడింట్లో భోంచేస్తారు, లేకపోతే మంచినీళ్ళు తాగి లేచిపోతారు. ఇల్లు నచ్చింది. విస్తళ్ళు వేశారు. సింగరయ్య మాత్రం కదల్లేదు.

"ఆనాడు ఓడిపోయామని నలుగుర్లో ఒప్పుకోండి. అప్పుడు కూర్చుంటా."

పున్నమ్మ బావగారు బ్రహ్మయ్య కండువా దులిపాడు. "మేమా! ఓడింది మీరైతేను!"

"లేవండ్రా, పోదాం."

ఇందు మొహం మాడిపోయింది. పున్నమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. ఏళ్ళబట్టి అడుగుదామనుకుంటున్న మాట అప్పుడే నోట్లోంచి ఊడిపడింది.

"ఉండన్నయ్యా! అసలు వాళ్ళు ఓడారని నీకెట్టా తెలిసింది?"

"ఎట్టాగేంటే? పగోళ్ళకి వంగి వడ్డించలా? ఓడినోడే గదా వడ్డించేది!"

"మరి మీకో బావగారూ?"

"పగోడి గడపలో చెయ్యి చాపి తినలేదటమ్మా? ఓడినోడే గదా చెయ్యి చాపేది!"

పున్నమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఇన్నాళ్ళూ ఇద్దరూ చెబుతున్నది ఆ ఒక్క బంతి భోజనం సంగతేనా!

"ఓస్, ఇంతేనా!" అంటూ పులుసు గిన్నె తెచ్చి బ్రహ్మయ్య చేతిలో పెట్టింది. "గెలిచినోళ్ళు గదా, మీరే వడ్డించండి బావగారూ. అన్నయ్యా, గెలిచినోడివి గదా, నువ్వు కూర్చో."

"అదెట్టా కుదురుద్దే?"

"ఎందుకు కుదరదో చెప్పు."

సింగరయ్య గిన్నెకేసి ఓసారి, విస్తరికేసి ఓసారి చూశాడు. ఇందు కిసుక్కుమంది. దాంతో ఇల్లంతా ఘొల్లుమంది. నవ్వాపుకోలేక సింగరయ్య విస్తరి ముందు చతికిలబడ్డాడు. బ్రహ్మయ్య గరిటె పట్టుకుని ఛాతీ విరిచాడు.

"వంగు బావా, ఇంకాస్త వంగు."

"చాపు బావా, మొహమాటపడకుండా చాపు."

ముద్ద లేచేదాకా పున్నమ్మ అన్న చేతికేసే చూసింది. లేచింది. నోట్లోకి పోయింది.

"పులుసు బాగుందే" అన్నాడు సింగరయ్య బుగ్గనిండా అన్నంతో. "ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందాం?"