నారింజ రంగు పిడి

కార్ల సీట్లకు కవర్లు కుట్టే ఆమెను వీధిలో అందరూ కత్తులక్క అనేవారు. పేరు విని భయపడనక్కర్లేదు. దుకాణం వెనక గదిలో గోడ నిండా వేలాడే ఆ కత్తులు ఉల్లిపాయనైనా కోయలేవు. వందల ఏళ్ల కిందట ఇనుప తొడుగులు వేసుకుని గుర్రాల మీద యుద్ధానికి వెళ్లినవాళ్లు పట్టిన కత్తులకు నకళ్లవి. పొడవూ బరువూ ఉంటాయి గానీ పదును ఉండదు. కొన్నవాటన్నిటికీ పిడి నల్లగానే వచ్చేది. ఆ నలుపు ఆమెకు గిట్టదు. పార్సిల్ విప్పిన రోజే పిడికున్న తోలు ఊడబెరికి, పనిలో మిగిలిన మంచి తోలు ముక్కకు తానే రంగు పట్టించి, తడి ఆరకముందే బిగించి చుట్టి, మైనపు దారంతో కుట్టేసేది.

"కత్తికి కూడా సీటు కవరు వెయ్యందే దీనికి నిద్ర పట్టదు" అని టాక్సీ నడిపే భర్త నవ్వేవాడు. ఆ పిచ్చి అతనికి అర్థం కాలేదు. అలాగని అడ్డమూ చెప్పలేదు.

అర్థమైంది ఒక్కడికే. లిఫ్టు మెకానిక్ ఒకడు స్కూటరు సీటు కుట్టించుకుందామని వచ్చి, తలుపు సందులోంచి గోడను చూసి వచ్చిన పని మర్చిపోయాడు. వాడికీ అదే పిచ్చి. అప్పటినుంచి ఆమెకు తమ్ముడైపోయాడు. తీరిక దొరికితే చాలు, వచ్చి కూర్చునేవాడు. ఏ కత్తి ముందుకు తూగుతోంది, ఏ పిడి చేతికి ఒదుగుతోంది అంటూ ఇద్దరికీ మాటలు తెగేవి కావు.

ఒక వాన మధ్యాహ్నం ఆమె కొత్తగా చుట్టిన పిడిని వాడు వెలుతురుకి తిప్పి చూశాడు.

"ఇదేం రంగక్కా? నారింజా కాదు, ఇటుకా కాదు."

"వెలిసిపోయిన నారింజ. మా బుజ్జి రెయిన్‌కోటు రంగు."

బుజ్జి ఆమె చెల్లెలు. చిన్నప్పుడే జ్వరంతో పోయింది. వాన లేకపోయినా ఆ కోటు విప్పేది కాదు, ఇంట్లో కూడా దాంతోనే తిరిగేది. ఆసుపత్రిలో తలగడ కింద పెట్టుకుంది. చివరి రోజు, "అక్కా, వాన పడుతోందా?" అని అడిగింది. బయట ఎండ మండిపోతోంది. పడుతోందనే చెప్పింది అక్క. ఆ అబద్ధం సంగతి ఆమె కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఈ తమ్ముడికి చెప్పింది.

కొన్నాళ్లకు పెద్ద హాల్లో, రకరకాల వస్తువులు సేకరించేవాళ్లంతా కలిసి ప్రదర్శన పెట్టారు. "మనిద్దరివీ ఒకే బల్ల మీద పెడదాం అక్కా, నేను చూసుకుంటాను" అన్నాడు. నమ్మి అన్నీ ఇచ్చింది. చేతిలో పని తెమలక మొదటిరోజు వెళ్లలేకపోయింది. మర్నాడు భర్తతో వెళ్లేసరికి బల్ల చుట్టూ జనం. ఎవరి కత్తులో చెప్పే చీటీ ఒక్కటీ లేదు. నారింజ పిడి కత్తి వాడి చేతుల్లో ఉంది.

"మా చెల్లెలండీ. బుజ్జి అని పిలిచేవాణ్ణి. 'అన్నయ్యా, వాన పడుతోందా' అంది. బయట ఎండ..."

వాడికి చెల్లెలే లేదు. అయినా గొంతు సరిగ్గా పూడుకోవాల్సిన చోటే పూడుకుంది. ముందు వరుసలో ఒక పెద్దావిడ కళ్లొత్తుకుని, పక్కకొచ్చి నిలబడ్డ ఆమెతో అంది: "పాపం, విన్నావా అమ్మా? ఎంత ప్రాణంగా చూసుకున్నాడో!"

అది నా చెల్లెలు అన్న అరుపు ఆమె నోటిదాకా వచ్చింది. అంతమందిలో బుజ్జి నాదంటే నాదని పేచీ పడటమా? జనం పలచబడ్డాక దగ్గరికెళ్లింది.

"అది కింద పెట్టు."

వాడి మొహం పాలిపోయింది. "అక్కా, ఊరికే... అందరూ ఈ రంగెందుకని అడుగుతుంటే..."

"అడిగితే? మా అక్క చెల్లెలు అనడానికి నోరు రాలేదా?"

కత్తులు దుప్పట్లో చుట్టి టాక్సీలో వేసుకుని వచ్చేశారు. దారిలో విషయమంతా విని భర్త, "పోనీలే, నోరు జారుంటాడు" అన్నాడు.

"నోరు జారితే ఒక మాట జారుతుంది. ఇంత కథ జారుతుందా?"

అతను ఇంటి ముందు బండి ఆపాక, "నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు మెల్లగా. ఆమె దుప్పటి మూట ఎత్తుకుని దిగింది.

వారం తిరక్కుండానే వాడు దుకాణానికి వచ్చాడు, గుమ్మం దాటకుండా నిలబడ్డాడు. "తప్పయిపోయిందక్కా. నాకంటూ చెప్పుకోడానికి ఏముంది చెప్పు? చెబుతుంటే నాకే నిజమనిపించింది."

ఆమె మిషన్ ఆపి తలెత్తింది. "కూర్చోండి. ఏం పని మీద వచ్చారు?"

ఆ 'అండి'తో వాడికి అర్థమైపోయింది. తిట్టినా బావుండేది. ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు.

ఆమె కత్తులు కొనడం మానలేదు, రంగులు కలపడమూ మానలేదు. అప్పుడప్పుడు ఏ తోలు ముక్కకో అనుకోని రంగు తేలుతుంది. అలాంటిది చూపించి మురిసిపోవడానికి ఇంకో మనిషి లేడు. చెయ్యి దానంతటదే ఫోను మీదికి పోతుంది. చెల్లెల్ని దోచుకున్నవాడి మీద ఉన్న కోపం కన్నా, ఇంకా వాడికోసమే వెతుకుతున్న ఆ చేతి మీద ఆమెకు కోపం ఎక్కువ.