బయానా ఇచ్చిన సీటు

మొన్న మధ్యాహ్నం భోగాపురంలో మేము పనిచేసే చోట నీళ్ళ పంపు మోటారు కాలింది. మూత విప్పగానే మాడిన వార్నిష్ వాసన గుప్పుమంది. పక్కనున్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం శ్రీకాకుళంలో డిప్లొమా చదివిన రోజుల ఎలక్ట్రికల్ ల్యాబూ, అందులో కొంగు నడుముకు దోపుకుని నిలబడిన రాజ్యలక్ష్మి మేడమూ కనబడ్డారు. ఆవిడ పక్కన లావణ్య కూడా కనబడింది. ఇన్నేళ్ళయినా ఆ పిల్ల నా జ్ఞాపకాల్లోకి కూడా నాకంటే ముందే వచ్చి కూర్చుంటుంది.

లావణ్య గరివిడి దగ్గర రైతుల పిల్ల. నాది కళింగపట్నం, నాన్న వేటకు వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. మా ఇద్దరి ఫీజూ ప్రభుత్వమే కట్టేది. మార్కుల్లోనూ పెద్ద తేడా లేదు. అయినా లెక్క తప్పితే మేడం లావణ్యను తిట్టి, మళ్ళీ చేసేదాకా బోర్డు దగ్గరే నిలబెట్టేవారు. నా తప్పుకు మాత్రం ఎర్రసిరాతో సున్నా చుట్టి ఊరుకునేవారు. తిట్లకు కూడా అసూయపడతారా అంటే, నేను పడ్డాను. మేడం డబ్బాలో ఉప్మా సగం ఆ పిల్లకు వెళ్తే నాకు కడుపు మండేది. నాకు ఉప్మా ఇష్టం లేదన్నది వేరే సంగతి.

రాష్ట్రం విడిపోబోతున్న రోజులవి. మా చదువు చివరికొచ్చింది. డిప్లొమా తర్వాత ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ప్రభుత్వమిచ్చే ఫీజు కూడా మా వెంటే వస్తుందనుకున్నాం. అలా రాదు. ప్రవేశపరీక్ష రాసి, కౌన్సెలింగ్‌లో సీటు తెచ్చుకుంటేనే వస్తుంది. కాలేజీ వాళ్ళ దగ్గర నేరుగా సీటు కొనుక్కుంటే ఖర్చంతా మనదే. ఇది తెలియని మా ఇంటికి ఒక ప్రైవేటు కాలేజీ మనిషి వచ్చి, "పరీచ్చలెందుకమ్మా, ఇప్పుడే సీటు రాయించుకోండి. ఫీజు గవర్నమెంటే కట్టీస్తాది" అన్నాడు. అమ్మ బయానా ఇచ్చేసింది. నాకైతే లావణ్యకంటే ముందు సీటొచ్చిందన్న సంబరం. మర్నాడే ల్యాబులో అందరూ వినేలా చెప్పాను.

మేడం చేతిలోని స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టారు. "కౌన్సెలింగ్ లేకుండా సీటేటే?" అన్నారు. సంగతంతా విని, ఇలా చేరితే ఫీజు రాదని విడమరిచి చెప్పారు. లావణ్య నావైపు జాలిగా చూసింది. ఫీజు పోతుందన్న మాటకంటే ఆ చూపే నన్ను ఎక్కువ కాల్చింది.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ కదల్లేదు. మా దగ్గర వేట మొదలయ్యే ముందు బోటు యజమాని పనివాళ్ళకు బయానా ఇస్తాడు. అది పుచ్చుకున్నాక ఇంకో బోటెక్కినవాడు ఊళ్ళో తలెత్తుకోలేడు. కాలేజీ సీటైనా బోటులో చోటైనా అమ్మకు ఒకటే. బయానా పడ్డాక మాట మాటే.

ఆ ఆదివారం మేడం బస్సెక్కి మా ఊరొచ్చారు. అమ్మ ఇసుకలో చేపలు ఆరబెడుతోంది. మేడం పక్కనే గొంతుక్కూర్చుని తనూ నాలుగు చేపలు తిరగేశారు.

"మాటిచ్చీసినాం మేడంగోరూ. ఇప్పుడు కాదంటే ఏటి బాగుంటాది?" అంది అమ్మ.

"బయానా పుచ్చుకుంది ఎవలమ్మా?"

"ఆ కాలేజీ బాబే."

"మీ బోట్లమీద కట్టుబడాల్సింది ఇచ్చినోడా, పుచ్చుకున్నోడా?"

అమ్మ చేతిలో చేప అలాగే పట్టుకుని ఆలోచించింది. "పుచ్చుకున్నోడే. ఇచ్చినోడు వద్దనుకుంటే బయానా పోతాది, అంతే."

"మరి మీరు ఇచ్చినోళ్ళు కదా."

అమ్మ నవ్వేసింది. "పోతే పోనీ. ఒసే గౌరీ, పరీచ్చ రాసీయే" అంది.

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇక ఆగలేక అడిగేశాను. "మీకు లావణ్యంటేనే ఎందుకు మేడం అంత ఇష్టం?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. "ఇష్టమని ఎవలు సెప్పారు నీకు? దాన్ని సూస్తే నాకు కుళ్ళు. నిన్ను సూసినా కుళ్ళే. నా డిప్లొమా అయినప్పుడు ఫీజు కట్టీవోళ్ళు నేరు. మా తమ్ముడు ఇంజనీరింగుకెళ్ళాడు, నేను పెళ్ళిపీటల మీదికెళ్ళాను. మిగతా సదువు పిల్లలు పుట్టాక సదూకున్నాను. మీకు సేతికందిన సదువు మీరు పారబోసుకుంటే నేను సూస్తూ ఊరుకోలేను." బస్సు మెట్టెక్కి వెనక్కి తిరిగారు. "కుళ్ళుంటే ఉండనీ. దానిసేత పని సేయించుకో."

చేయించుకున్నాను. లావణ్య ఎన్ని లెక్కలు చేస్తోందో ఊహించుకుని ఇంకొకటి ఎక్కువ చేసేదాన్ని. కౌన్సెలింగ్‌లో నాకు విజయనగరంలో సీటొచ్చింది, ఫీజు ఆగలేదు. లావణ్యకు విశాఖపట్నంలో అంతకంటే మంచి సీటొచ్చింది. ఒకరినొకరం అభినందించుకున్నాం. నవ్వీ నవ్వీ నాకు దవడలు నొప్పిపుట్టాయి.

మేడం ఇప్పుడు లేరు. మొన్న ఆ కాలిన మోటారు ముందు, మా దగ్గర శిక్షణకొచ్చిన డిప్లొమా పిల్ల ఒకతి, నేను నోరు తెరవకముందే తప్పెక్కడుందో చూపించింది. ముందున్న ఏళ్ళన్నీ దానివే. నాకు ఒళ్ళు మండిపోయింది. "పరీక్ష రాశావా? కౌన్సెలింగుకి వెళ్తున్నావా?" అని గద్దించాను. ఎవరో సీటిప్పిస్తామన్నారని నసిగింది. సాయంత్రం దాకా దాన్ని వదల్లేదు. వాళ్ళ నాన్నకు ఫోన్ చేయించి మాట్లాడాను. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగి, "మీకు నేనంటే ఎందుకు మేడం అంత ఇష్టం?" అంది.

నేను నిజం చెప్పలేదు.