లత చెక్కిన చెయ్యి

జలంధర్‌తో నమూనా ఒకటి చెక్కించుకుని, ఆ నమూనాతోనే అతనికి రావలసిన పని పోగొట్టారు. తొంభై ఆరు ఎండాకాలం నాటి మాట ఇది.

జలంధర్‌ది జగిత్యాల వైపు. వడ్లాయన, అంటే వడ్రంగి. ఊళ్ళో తలుపులు చెక్కిన ఆ చెయ్యి ఖతార్ వచ్చాక కాంక్రీటు కోసం పలకలు బిగించే షట్టరింగ్ పనిలో పడిపోయింది. నడుము పట్టేసింది. ఎలాగైనా మళ్ళీ ఉలి పనిలోకి వెళ్ళాలన్నదే అతని ఆశ.

అప్పుడే కంపెనీ అబూ హమూర్‌లో విల్లాలు మొదలుపెట్టింది. గుంటూరు ఇంజనీరు సుధాకరరావు బొమ్మ చూపించాడు. ఏటవాలు కప్పులు, గోడ దాటి ముందుకొచ్చిన కిటికీలు, మూలన బురుజు, చూరు కింద చెక్క లతలు.

"ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలపు ఇళ్ళయ్యా ఇవి. అక్కడ వానలూ మంచూ ఎక్కువ. అందుకే కప్పు అంత వాలు."

"ఈడ వానేది సార్? ఇసుక జారనీకా?"

"కంపెనీ యజమాని, మన అర్బాబు, లండన్లో చూసొచ్చాడు, ముచ్చటపడ్డాడు. నువ్వో లత చెక్కి చూపించు. నచ్చితే పనంతా నీదే."

జలంధర్ ఊరి పద్ధతిలో ఇంటికి మొదటి చెక్క ఎవరు చెక్కితే ఆ ఇంటి చెక్కపనంతా వాళ్ళదే. మధ్యలో మరొకరు ఉలి పట్టరు. ఇక్కడా అంతే అనుకున్నాడు. శుక్రవారాలు క్యాంపులో నడుం వాల్చకుండా టేకు పలక మీద లత చెక్కి ఇచ్చాడు.

కొన్నాళ్ళకు లారీ నిండా తెల్లటి లతలు దిగాయి. అన్నీ తను చెక్కినవే, ఒక్కటీ చెక్కది కాదు. అతని లతకు అచ్చు తీసి ఫైబర్‌తో పోత పోయించారు.

"పని నాదేనంటిరి గద సార్."

"కంపెనీ రేటు చూసుకుంటుంది జలంధర్. అసలు ఆ ఇళ్ళ సోకంతా అలా వచ్చిందే. ఆవిరి మిషన్లు నగిషీని గుట్టలుగా కోసిపడేస్తే రైళ్ళు ఊరూరా మోశాయి. గుమాస్తాల ఇళ్ళకు కూడా లతలొచ్చాయి."

"గప్పుడు ఆ ఊర్ల వడ్లోళ్లు ఏం జేసిర్రు సార్?"

సుధాకరరావు వాచీ చూసుకున్నాడు. "యల్లా, నడు నడు, షట్టరింగ్ దగ్గర మనుషులు తక్కువున్నారు."

వాళ్ళు చివరిసారి కలిసింది రెండేళ్ళ తర్వాత, మెసైమీర్ సైటులో. సుధాకరరావు ఏదో తలుపు బొమ్మ పట్టుకొచ్చాడు. ఈసారి ఒట్టు, అచ్చులేవీ లేవు, తలుపులన్నీ నీకే అన్నాడు. జలంధర్ పలకల దొంతర మీంచి లేవలేదు, కాగితం అందుకోలేదు.

"ఉలి ఇంటికి పంపిన సార్. నాకు పలకలు కొట్టుడు చాలు. జర పక్కకు జరుగుండ్రి, కాంక్రీటు లారీ వస్తున్నది."