సబ్బు మీద పేచు గాట్లు

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. చొప్పదండి దగ్గరి మా ఊళ్లో నా చిన్నప్పుడు బడి అంటే ఒక పంతులు ఇంటి అరుగు. అక్కడ మగపిల్లలు ఉర్దూ చదివేవారు. నేను జొన్నచేనులో మంచె మీద నిలబడి పిట్టలు కొట్టేదాన్ని. పెళ్లయి బొగ్గుబావుల కాలనీకి వచ్చాక ఉత్తరాలు మా ఆయనే చదివేవాడు, జవాబులు ఆయనే రాసేవాడు. ఇన్నేళ్లకు ఆడవాళ్ల చదువు తరగతిలో కూర్చుని పలక పట్టాను. మొదటి ఏడంతా ఇంట్లో ఉన్న సామాను పేర్లే రాశాను. అలా రాస్తూ ‘పేచు’ దగ్గర ఆగిపోయాను. మరమేకును మా వైపు అలాగే అంటారు. ఆ మాట రాసి మళ్లీ చెరిపాను. లేచి నీళ్లు తాగి వచ్చి మళ్లీ రాశాను.

ఆ పేచు సంగతి జరిగేనాటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్లు. మంచిర్యాల దిక్కు ఒక కాలనీలో, క్వార్టర్ల వరసలో మాది చివరి ఇల్లు. పక్కింట్లో మరాఠీ మాట్లాడే చాందా వైపు నుంచి వచ్చిన పెద్దామె ఒంటరిగా ఉండేది. అందరం ఆమెను మౌసీ, అంటే పిన్ని, అనేవాళ్లం. భర్త పోయాక దవాఖానాలో దుప్పట్లు ఉతికే పనిలో చేరింది. ఏళ్ల తరబడి ఉతికి వేళ్లు వంకర్లు పోయాయి. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని.

ఆమె దగ్గర భర్త కొన్న పాత గ్రామఫోను ఉండేది. పొద్దున షిఫ్టు సైరన్ కూసే ముందు ఒక్క రికార్డు పెట్టేది. కొత్తగా కాపురానికొచ్చి, మాట్లాడే మనిషి లేక కొట్టుమిట్టాడుతున్న నాకు గోడ అవతలి ఆ పాటే తోడు. తర్వాత మౌసీయే తోడైంది.

చెల్లెలి ఊరికి ఎనిమిది రోజులకు పోతూ ఆ పెట్టె నాకు అప్పజెప్పింది.

“రోజుకొక్కపారి తిప్పు పోరీ. తిప్పకుంటే లోపలి స్ప్రింగు పట్టేస్తది.”

నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఒకామె నా ముందే అన్నది: “మౌసీ, నిన్న మొన్న వచ్చినదాని చేతుల పెట్టిపోతున్నవ్. మొన్ననే బిందె సొట్ట పెట్టుకున్నది.”

“బిందె దానిది, సొట్ట దానిది. నీకేం నొస్తది?” అంది మౌసీ.

ఆ మాట నాకు ఎంత బలమిచ్చిందో చెప్పలేను. అందుకే తర్వాత అంత భయమేసింది.

గ్రామఫోను ముల్లు ఒకటి రెండు పాటలకే అరిగిపోతుంది. ముల్లును పట్టి ఉంచే పేచు తల వెడల్పుగా, వేళ్లతో తిప్పడానికి వీలుగా ఉండేది. నాలుగో రోజు ముల్లు మార్చబోయి ఆ పేచు పూర్తిగా ఊడదీసి పక్కన పెట్టాను. పొయ్యి మీద పాలు పొంగాయి. పరుగెత్తాను. వచ్చి, ఏం ఆలోచిస్తున్నానో ఏమో, ఇల్లు ఊడ్చి, ఆ చెత్తను పొయ్యిలోని బొగ్గు బూడిదతో కలిపి కుప్ప మీద పోసి వచ్చాను. ముల్లు చేతిలోకి తీసుకున్నాక గానీ పేచు లేదని తెలియలేదు.

వరసలోని ఇళ్లన్నీ ఒకే కుప్పలో బూడిద పోస్తాయి. జల్లెడ పట్టి వెతకవచ్చు. కానీ కుప్ప నల్లాకు ఎదురుగా ఉంటుంది. నేను అక్కడ కూర్చుంటే మౌసీ బండి దిగకముందే ఆమెకు కబురు చేరుతుంది. మూడుసార్లు జల్లెడ చేతపట్టుకుని గడప దాకా పోయి వెనక్కి వచ్చాను.

మా ఆయన బావి వర్క్‌షాపులో ఫిట్టర్. ఇంట్లో ఆయనకొక రేకు డబ్బా నిండా పేచులు ఉండేవి. అన్నీ చాప మీద పోసి ఒక్కొక్కటి పెట్టి చూశాను. ఒకటి లావు సరిగ్గా సరిపోయింది. రెండు చుట్లు హాయిగా తిరిగింది, తర్వాత బిగుసుకుంది. కొత్తది కదా, కొంచెం బలం పెడితే పోతుందనుకుని పట్టుకారుతో తిప్పాను. నా బొటనవేలికి పసుపులా ఇత్తడి పొడి అంటింది. పెట్టె రంధ్రం లోపలి చుట్లే అరుగుతున్నాయి. వెనక్కి తిప్పి తీసేశాను.

ఆయన షిఫ్టు దిగి రాగానే దాచలేక చెప్పేశాను.

“గనిల పేచు పాటల పెట్టెకెట్ల పడ్తదే?” అని నవ్వాడు. “మా మిషన్లన్నీ ఇంగ్లండువి, అంగుళాల లెక్క. గీ పెట్టె ఇంకేదో దేశంది. లావు ఒక్కటే ఉంటది, చూడీ వేరే ఉంటది.”

పేచు మీది చుట్లను ఫిట్టర్లు చూడీ అంటారు. ముల్లు ఉండే సౌండ్ బాక్సును గొట్టానికి బిగించే పేచును ఊడదీసి, నేను పెట్టిన పేచుతో పక్కపక్కన ఆనించి వెలుతురుకు పట్టాడు. పళ్లలో పళ్లు కూర్చోలేదు, సందుల్లోంచి వెలుగు కనిపించింది. నా తలదువ్వెన, పేను దువ్వెన గుర్తొచ్చాయి. పొడుగు ఒకటే, పళ్లే వేరు. బిగింపు పేచును ముల్లు పేచు రంధ్రంలో పెడితే, నేను పాడుచేసిన మొదటి చుట్టు దాటి మెత్తగా తిరిగింది. అదే చూడీ.

కానీ ఆ ఒక్క పేచూ బజారుకు తీసుకుపోతే అదీ పోతుందేమోనని భయం. బట్టల సబ్బు ముక్క మీద దాన్ని పడుకోబెట్టి దొర్లించాను. సన్నని గాట్లు వరసగా పడ్డాయి. పొడి గుడ్డలో చుట్టి, ఎండకు సబ్బు మెత్తబడకముందే చేరాలని మంచిర్యాలకు ఒక్కదాన్నే పోయాను.

గడియారాలు బాగుచేసే ముసలాయన అడిగాడు: “సైజు రాస్కొచ్చినవా బేటీ?”

“నాకు రాయరాదు చాచా.”

గుడ్డ విప్పగానే కళ్లద్దాలు పైకి నెట్టాడు. “మరి గిదేంది? మా దుకాణంకొచ్చే బాబులు గూడ గింత సాఫ్‌గ రాస్కరారు.”

పాత గడియారాల పేచులు ఒక్కొక్కటే గాట్లలో ఆనించి చూశాడు. ఏడో ఎనిమిదో పేచు గాట్లలో సర్దుకుని కూర్చుంది. చిన్న తల, మధ్యలో గీత, పేచ్‌కస్‌తో తిప్పాల్సింది. “వెడల్పు తలది దొర్కది” అన్నాడు. నాకు చూడీ కలిసిందన్న సంతోషమే తప్ప తల సంగతి బుర్రకెక్కలేదు.

మౌసీ సాయంత్రం బండికి దిగింది. కాళ్లు కడుక్కోకుండానే పెట్టె తెరిచింది. ముల్లు మార్చబోయింది. వంకర వేళ్లు చిన్న తల మీద జారాయి. మళ్లీ పట్టింది, మళ్లీ జారాయి.

“అగ బాయీ! గీ పేచు నాది కాదు గదా. నాదేమాయె?”

“నాకు తెల్వది మౌసీ” అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసింది. “అట్లనా” అని మూత వేసింది. చెల్లెలి ఇంటి నుంచి నాకోసం తెచ్చిన జొన్న పేలాలు కొంగులో పోసింది. ఇంటికి వచ్చి కూర్చోలేకపోయాను, నిలబడలేకపోయాను.

మర్నాడు పొద్దున గోడ అవతల పాట రాలేదు. సైరన్ కూసింది. పేచ్‌కస్ తీసుకుపోయి మౌసీ చేతిలో పెట్టాను.

“నేనే పోగొట్టిన. బూడిదల పారబోసిన. నిన్న నీకు అబద్ధం చెప్పిన.”

“పేచు పోతే పోయె” అంది. “తెల్వదన్నవ్ చూడు, గది నొచ్చింది. గిది నేను తిప్పలేను. రోజూ నువ్వే వచ్చి తిప్పు.”

సరేనని ముల్లు మార్చి రికార్డు పెట్టాను. పాట అయ్యేదాకా ఆగలేదు. జల్లెడ తీసుకుని, నల్లా దగ్గర అందరూ చూస్తుండగా, కుప్ప ముందు కూర్చుని మొదటి చేటెడు బూడిద జల్లెడలో పోశాను.