రెండంగుళాల జోస్యం

అసూయ ఆరోగ్యానికి చెడ్డదని బోధించేవాళ్లు కోట్లు కుట్టే ఈ దర్జీని చూడాలి. యాభై ఆరేళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు. నాలుగేళ్లుగా ఒక్కపూటైనా దుకాణం మూయకుండా అతన్ని కుట్టుమిషను ముందు నిటారుగా కూర్చోబెట్టింది తోడల్లుడి మీది కడుపుమంటే.

తోడల్లుడిది అదే వీధి చివర మందుల షాపు. కిందటిసారి, అధ్యక్ష ఎన్నికకు పార్టీ ఎవరిని నిలబెడుతుందో ఎవరికీ అంతుబట్టని రోజుల్లో, కాఫీ హోటల్లో వీధివాళ్లు తమ జోస్యాలు రాసే నల్లబల్ల మీద ఎవరూ ఊహించని పేరొకటి రాశాడు. అదే నిజమైంది. అప్పట్నుంచీ వీధంతా అతన్ని 'విశ్లేషకుడుగారూ' అంటోంది. రేడియోవాళ్లు ఫోన్ చేసి రెండు నిమిషాలు మాట్లాడించారు కూడా. ఆ రెండు నిమిషాలూ దర్జీ భార్యకు కంఠతా వచ్చు. "మా బావగారు ఎంత నిదానంగా మాట్లాడారో!" అనేది వడ్డిస్తూ. కంచంలో ఏమున్నా దర్జీకి చేదే తగిలేది. ఆ ఏడు దర్జీ రాసిన మనిషి వారం తిరక్కుండానే పోటీలోంచి తప్పుకున్నాడు మరి.

మళ్లీ ఎన్నికల ఏడు వచ్చింది. నల్లబల్ల తుడిచారు. గట్టిగా వినిపిస్తున్నవి రెండే పేర్లు: మాజీ ఆర్థికమంత్రి, నగర మేయరమ్మ. మాజీమంత్రి ఇరవై రెండేళ్లుగా కోట్లన్నీ మన దర్జీ దగ్గరే కుట్టించుకుంటున్నాడు.

ఒక పొద్దున ఆయన డ్రైవరు మూడు కోట్లు తెచ్చి బల్లమీద పెట్టాడు.

"రెండేసి అంగుళాలు వదులు చెయ్యమన్నారు. నడుం దగ్గర."

"ప్యాంట్లేవీ?"

"అవి బానే ఉన్నాయట."

దర్జీ చేతిలో కత్తెర ఆగిపోయింది. పొట్ట పెరిగితే కోటొక్కటే రాదు, దానికంటే ముందు ప్యాంటొస్తుంది. ప్యాంటు రాలేదంటే మనిషి లావెక్కలేదు. లావెక్కకుండానే కోటు చాలడం లేదంటే లోపల ఇంకేదో తొడుక్కుంటున్నాడు. నాయకులు కోటు లోపల తొడుక్కునేది ఏముంటుంది? తూటా దిగని బనీను! రేపోమాపో అభ్యర్థి కాబోయేవాడికి కాక అది ఇంకెవరికి కావాలి?

అలవాటు కొద్దీ చెయ్యి కొలతల పుస్తకంలో 'నడుము మాత్రమే' అని రాసుకుపోయింది. రాసినదాన్ని కళ్లు చదవలేదు.

ఆ సాయంత్రం కాఫీ హోటల్లో తోడల్లుడు నల్లబల్ల మీద పొందిగ్గా 'మేయరమ్మ' అని రాశాడు. దర్జీ సుద్దముక్క లాక్కుని దాని కింద, దానికి రెట్టింపు అక్షరాలతో, 'మాజీమంత్రి' అని రాశాడు.

"ఈసారైనా మీవాడు వారం నిలుస్తాడా మాస్టారూ?" అన్నాడు హోటలాయన.

"నిలవడమేంటి? ప్రమాణస్వీకారమే చేస్తాడు!"

"ఎందుకంత నమ్మకం తమ్ముడూ?" అన్నాడు తోడల్లుడు. ఆ గొంతులో వెటకారం లేదు. ఉంటే దర్జీ ఓర్చుకునేవాడే. జాలిగా వినబడేసరికి ఒళ్లు మండిపోయింది.

దుకాణంలో తీసిన కొలత గుమ్మం దాటకూడదని అతనికి పని నేర్పినాయన చెప్పాడు. ఎవరికి ఒక భుజం కిందికి జారిందో, ఎవరు ఛాతీకి దూది పెట్టించుకుంటారో ముప్పయ్యేళ్లుగా భార్యకైనా చెప్పలేదు. ఆ ముప్పయ్యేళ్లూ ఒక్క గుక్కలో పోయాయి.

"కోట్లు నా దగ్గరున్నాయి అన్నయ్యా! మూడూ రెండేసి అంగుళాలు వదులు చేస్తున్నా. ప్యాంట్లు రాలేదు. లోపల తూటా దిగని బనీను వేస్తున్నారు. మీ మేయరమ్మకి వేస్తున్నారేమో కనుక్కోండి!"

హోటలంతా గొల్లుమంది. హోటలాయన మొదటి కాఫీ దర్జీకే ఇచ్చాడు. అలా జరగడం అదే మొదలు. తోడల్లుడు మాత్రం చేతిలో కప్పు కింద పెట్టేశాడు.

"ఆ మాట ఇక్కడితో ఆపెయ్ తమ్ముడూ. ముందా పేరు తుడిచెయ్."

"మండుతోందా అన్నయ్యా?" అన్నాడు దర్జీ. నాలుగేళ్లుగా దాచుకున్న మాట అది.

ఆ పూట భార్య మారు వడ్డిస్తూ, "నిజంగా మీరు చెప్పిందే అవుతుందాండీ?" అని అడిగింది. దర్జీకి కూర రుచి తెలిసింది.

మూడోరోజు కోట్ల సంగతి పేపర్లో పడింది. "ఎవరికి భయపడి సార్ ఆ బనీను?" అని ఒక విలేఖరి సభలోనే అడిగాడు. పిరికివాడనిపించుకోలేక మాజీమంత్రి నిజం చెప్పేశాడు: బనీను కాదు, నడుంనొప్పికి బెల్టు. ఇక ఆయన్ని పన్నుల గురించి అడిగినవాడు లేడు. ఎంతసేపు నించోగలరని అడిగేవాళ్లే అందరూ. వారం తిరక్కుండా తప్పుకున్నాడు. హోటలాయన నల్లబల్ల మీద 'మేయరమ్మ' చుట్టూ సున్నా చుట్టాడు.

కోట్ల కోసం మాజీమంత్రి స్వయంగా వచ్చాడు. ఒకటి తొడిగి సవరిస్తుంటే దర్జీ వేళ్లకు లోపల బెల్టు రేకులు గట్టిగా తగిలాయి. నడుము మాత్రమే. ఛాతీ దగ్గర ఏమీ లేదు.

"ఆరువారాలు దాచాను మాస్టారూ," అన్నాడాయన. "వీధి చివర మందుల షాపాయనే కొలిచి కట్టాడు. ఆయన నోట ఒక్క ముక్క బయటికి రాలేదు."

దర్జీ టేపు చుట్టి బల్లమీద పెట్టాడు.

"వీటిని మళ్లీ బిగించాలి. ఇక నిలబడే పని లేదు కదా, బెల్టుతో ఏం పని? మీరొద్దులెండి, వేరేచోట చేయించుకుంటాను." మూడు కోట్లూ భుజాన వేసుకుని, మెట్లు మెల్లగా దిగి వెళ్లిపోయాడు.

దర్జీ సిగ్గుపడ్డాడు. చాలాసేపే పడ్డాడు. అంతలో ఒక సంగతి తట్టి లేచి నిలబడ్డాడు. వాడికి ముందే తెలుసన్నమాట! బెల్టు కట్టినవాడు మేయరమ్మ పేరు రాస్తే అది జోస్యమెలా అవుతుంది? దొంగాట! కాఫీ హోటలుకు దాదాపు పరిగెత్తాడు.

తోడల్లుడి చుట్టూ జనం. దర్జీ నోరు తెరిచాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. సంగతి బయటపెడితే వీడు మోసగాడు కాడు. ఆరువారాలు కడుపులో దాచుకున్న పెద్దమనిషవుతాడు. ఆ మాటా వీధంతా చెప్పుకుంటుంది. ఇంట్లో వడ్డిస్తూ కూడా వినిపిస్తుంది.

నోరు మూసుకుని కూర్చున్నాడు. తోడల్లుడు తన కప్పు అతని ముందుకు జరిపాడు.

"ఎలా కనిపెట్టారన్నయ్యా?" అన్నాడు దర్జీ, కళ్లల్లోకి చూస్తూ.

"ఏముంది తమ్ముడూ, గుడ్డిగా రాశాను."

అందులోనూ వాడిదే పైచేయి. దర్జీ ఆ కాఫీని ఊదుకుంటూ ఊదుకుంటూ తాగాడు. అది చల్లారి చాలాసేపైంది.