ఎలిశబెతమ్మ కొలిచిన మెట్లు

ఇల్లు అద్దెకిచ్చేవారు గోడల తెలుపు చూపిస్తారు, బావిలో నీళ్ల తీపి చెబుతారు. మెట్లు సమంగా ఉన్నాయో లేవో ఒక్కరూ చెప్పరు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. ఆ కోపంలో పెద్ద వాటా నా మీదనే.

ఎలిశబెతమ్మ గారు 1957లో నెల్లూరు వైపు కోట అనే మా ఊళ్లో, మా మిద్దె మీది రెండు గదుల్లో అద్దెకు దిగారు. కింద నేనూ మా అమ్మా ఉండేవాళ్లం. ఆమె మిషను బడిలో ఇరవై ఎనిమిదేళ్లు కుట్టుపని నేర్పి మానుకున్న మనిషి. భర్త చిన్న వయసులోనే పోయాడు, పిల్లలు లేరు. చేతి మిషను ఒకటి పెట్టుకొని, ఊళ్లో ఎనిమిది మంది ఆడపిల్లలకు రవికెల కత్తిరింపు నేర్పేవారు. "కంటితో కొలవబాకమ్మాయ్, కన్ను మన పక్షమే మాట్లాడతాది. టేపు పెట్టు" అనే గద్దింపు కిందికి వినిపించేది. క్రైస్తవురాలికి ఇల్లిచ్చానని బంధువులు ముఖం ముడుచుకున్నప్పుడు వారికి నేను రాసిన దీర్ఘమైన జాబు నకలు నా వద్ద ఉంది. అందులో ఔదార్యం కంటె ఆత్మస్తుతి ఎక్కువ.

1961 జూలైలో ఆమె ఖాళీ బిందెతో దిగుతూ, అడుగున తూలి మోకాలు గీరుకున్నారు. మరొకరైతే దిష్టి అనుకొని ఊరుకునేవారు. ఆమె మరునాడు కుట్టు టేపు తీసుకొని, పై నుంచి కింది దాకా కూర్చుంటూ దిగుతూ ఒక్కొక్క మెట్టునూ కొలిచారు. పిల్లలను ఒకరి తరువాత ఒకరిని ఎక్కించి దించి, ఎవరి పాదం ఎక్కడ తడబడుతున్నదో గమనించారు. నాకిచ్చిన కాగితం ఇదీ:

"మెట్లు పదహారు. ఎనిమిదేసి అంగుళముల ఎత్తు. నడుమ రెండు అరిగి గుంటపడినవి. పట్టుకొనుటకు ఏమియు లేదు. పగలు కూడ చీకటి. అన్నిటికన్న కీడు అడుగున ఉన్న బండ. దాని ఎత్తు మూడే అంగుళములు. దాని మీద కాలు పడగానే నేల వచ్చినదనుకొందుము, నేల రాలేదు. ఎనిమిది మందిలో ఐదుగురు అక్కడనే తూలినారు. దయచేసి దానిని తీయించవలెను."

ఆ బండ సంగతి చెప్పాలి. మెట్లు కట్టినప్పుడు కింది నుంచి 'లాభం, నష్టం, లాభం, నష్టం' అని లెక్కపెట్టడం మా వైపు ఆచారం. ఆఖరి మెట్టు లాభంలో ముగియాలి. మా నాన్నగారు కట్టించినప్పుడు పదహారు వచ్చి లెక్క నష్టంలో ఆగింది. మేస్త్రీ అడుగున ఒక కడప బండ పరిచి పదిహేడు చేశాడు. అది ఎక్కడానికి అక్కరలేదు, దిగడానికి ప్రమాదం. తీసివేస్తే మిగిలిన మెట్లు పదహారూ సమానం. గడ్డపారతో ఒక్క పూట పని.

మిగిలినవన్నీ ఆమె పూనుకొని చేయించారు. వడ్రంగి బడేసాహెబ్ గోడకు ఇనుప కడియాలు దిగగొట్టి, వాటి గుండా పడవలకు కట్టే కొబ్బరి మోకు లాగాడు. గుంటలను గచ్చుతో పూడ్చాడు. మెట్ల మీది పెంకుల నడుమ వెలుతురుకు ఒక అద్దం బిగించాడు. మెట్ల అంచులకు నెలనెలా ఆమే సున్నం పూసేవారు. పని ముగిసిన రోజున బడేసాహెబ్ బండను కాలితో తట్టాడు.

"అయ్యా, దీన్ని కూడా పెళ్లగించేదా? గడ్డపార చేతిలోనే ఉండాది."

"పెళ్లగించు సాయిబూ. నష్టమేదన్నా వస్తే నా మీదికే రానీ, నాకు అలవాటేలే" అని ఎలిశబెతమ్మ నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. గ్రంథాలయంలో మూఢాచారాల మీద ఉపన్యసించి రెండు నెలలు కాలేదు. ఆ ప్రసంగ పాఠమూ నా పెట్టెలో ఉంది. అయితే ఆ ఏడు నా పొలం వ్యాజ్యం నెల్లూరు కోర్టులో తీర్పుకు రానున్నది. నోటికి వచ్చిన మాట ఇది: "మా అమ్మ ఒప్పుకోదమ్మా. పాతకాలపు మనిషి. మెల్లగా చెప్పి చూస్తాను."

"పెద్దామె మనసు కష్టపెట్టబాకండయ్యా. ఆమె సరే అన్నప్పుడే తీయిద్దాం."

మా అమ్మ మాలకొండమ్మను నేను అడగలేదు. వ్యాజ్యం గెలిచిన తరువాత కూడా అడగలేదు. ఎలిశబెతమ్మ గుర్తు చేసినప్పుడల్లా "ఇంకా మెత్తబడలేదు" అన్నాను. అమ్మ ముందు ఆ ప్రస్తావన తేవడం మర్యాద కాదని ఆమె ఎన్నడూ తేలేదు.

1963 నవంబరులో నాలుగు రోజులు ముసురు పట్టింది. పై అద్దంలో నుంచి వెలుతురు లేదు. ఎలిశబెతమ్మ బట్టల మూటతో దిగుతున్నారు. వెనుక ప్రేమలీల అనే శిష్యురాలు. అడుగుకు వచ్చాక ఆమె మోకు వదిలి, వెనక్కు తిరిగి, "బండమ్మాయ్, బండ చూసుకో" అన్నారు. పిల్ల ఆగింది. ఎలిశబెతమ్మ కాలే తప్పింది. తుంటి ఎముక విరిగింది.

మూడవ రోజున అమ్మను నెల్లూరు ఆసుపత్రికి తీసుకువెళ్లాను. మంచం పక్కన అమ్మ కూర్చొని ఎలిశబెతమ్మ చేయి పట్టుకుంది.

"ఆ పాడు బండ ఎంత పని చేసింది! ఎప్పుడో పీకించి ఉండొచ్చు గదా, ఎలిశబెతమ్మా."

"మీరు బాధ పడతారని ఆగినామమ్మా."

"నేనా? నన్నెవురడిగినారు? ఆయన అది వేయించిన వారంలోనే రెండు తూర్లు తూలినా. లాభమంట లాభం! యాడొచ్చింది?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

ఎలిశబెతమ్మ అన్నారు: "మీకే భయమని చెప్పుంటే సరిపోయేది గదయ్యా. భయపడేది తప్పేం గాదు. నేను వేరే ఇల్లు చూసుకొనేదాన్ని. పెద్దామె మెత్తబడతాదని రెండేళ్లు కాచుకోనుంటిని."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఏదో జవాబు చెప్పేవాణ్ణి. జవాబులు చెప్పడంలో నాకు పేరుంది.

మరునాడు బడేసాహెబ్ బండ తీశాడు. పావుగంట పట్టింది.

ఆసుపత్రి నుంచి ఆమె కొడవలూరులో చెల్లెలి కూతురు కరుణాకుమారి ఇంటికి చేరారు. కర్ర పట్టుకొని నాలుగడుగులు వేయగలిగేవారు, అంతే. కుట్టు బడి ఆగిపోయింది. వేసవిలో అమ్మ పట్టుబట్టి నన్ను అక్కడికి తీసుకువెళ్లింది.

"మా ముందర గది నీకిస్తాం, రామ్మా. మెట్టు అనేది తొక్కే పనిలేదు. పిల్లకాయలందరూ నీకోసం అడగతా ఉండారు."

ఎలిశబెతమ్మ ఒడిలోని గుడ్డను మడిచి పక్కన పెట్టారు. కరుణాకుమారి మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"మెట్లకు భయపడి గాదమ్మా. కింద గదైనా రేపు ఇంకేదన్నా బాగుచేయమని అడగాల్సొస్తాది. ఇంటాయన చెప్పిన మాట నమ్ముకొని కాలు పెట్టేది ఇంక నా వల్లగాదు" అన్నారు. తరువాత నా వైపు తిరిగి, "మజ్జిగ తాగండయ్యా" అన్నారు.

తాగాను.